పాలకి లేపిన పెద్దమ్మ

"లేవడం లేదు పెద్దమ్మా. అసలు లేవడమే లేదు!"

తలుపు తీసిన బాలింత నోట మొదట వచ్చిన మాట అది. లోపలికి రమ్మనలేదు, ప్రయాణం ఎలా సాగిందని అడగలేదు. గుమ్మంలో సంచీతో నిలబడ్డ పెద్దమ్మ ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, చెప్పులు విప్పుకుంటూ అంది.

"ఎవరే, మీ ఆయనా?"

వెనకాల మంచినీళ్ళ గ్లాసుతో వస్తున్న భర్త అక్కడే ఆగిపోయాడు. బాలింతకి నవ్వొచ్చింది. నవ్వు వెనకే ఏడుపూ వచ్చేసింది.

లేవనిది పాప. పుట్టి వారం కూడా తిరగలేదు. అందరూ పిల్లలు నిద్రపోవడం లేదని గోలపెడతారు. ఈ పిల్ల నిద్ర మానడం లేదు. రొమ్ము అందిస్తే నాలుగుసార్లు చప్పరించి, ఏదో కొండ తవ్వినట్టు అలిసిపోయి కళ్ళు మూసేస్తుంది. ఒంటికి కాస్త పసుపు రంగు కూడా ఉంది. ఆ కామెర్ల మత్తు వల్ల పాలు తాగదు, పాలు తాగకపోవడం వల్ల కామెర్లు తగ్గవు. ఆ రోజు పొద్దున పిల్లల డాక్టరు పాపని తూకంలో పెట్టి కళ్ళజోడు సవరించుకుంది.

"బరువు తగ్గడం మామూలే గానీ, ఇది మామూలు కంటే ఎక్కువ. రెండు మూడు గంటలకోసారి లేపి పాలు పట్టండి. ఎల్లుండి మళ్ళీ తూద్దాం. ఇంకా తగ్గితే ఆస్పత్రిలో చేర్చుకోవాలి. ఎంత లేపినా లేవకపోతే మాత్రం ఎల్లుండిదాకా ఆగకండి, వెంటనే తీసుకొచ్చేయండి."

లేపి పాలు పట్టండి! ఎంత తేలిగ్గా అనేసింది!

బాలింత చదువుకున్నది సూక్ష్మజీవుల శాస్త్రం. పనిచేసేది పాల డెయిరీ ప్రయోగశాలలో. ట్యాంకర్లలో వచ్చిన పాలలో ఏ క్రిములున్నాయో, ఎన్ని ఉన్నాయో చూసి చెప్పడం ఆమె ఉద్యోగం. కాలికి కట్టుతో మంచానికి అతుక్కుపోయిన తల్లి ఫోన్లో దెప్పింది కూడా. "ఊరందరి పాలకీ సంతకం పెట్టేదానివి, నీ పాల మీద నీకు నమ్మకం లేకపోతే ఎలాగే?" ఆ తర్వాత గొంతు తగ్గించి, "నేను రాలేను కదా తల్లీ. అక్కని పంపుతున్నాను. దానికి పిల్లల్ని పెంచడం రాదు, లేపడం వచ్చు" అంది.

అది హాస్యానికి అన్న మాట కాదు. పెద్దమ్మ పెళ్ళి చేసుకోలేదు. ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేరి అక్కడే తల నెరిసింది. ఒక వరసలో మంచాలు, ఆ మంచాల మీద ముసుగులు, ముసుగుల కింద పరీక్షలకి చదవాల్సిన పిల్లలు. వాళ్ళని రోజూ లేపడమే ఆవిడ పని. పిల్లలు ఆవిడకి 'తెల్లారమ్మ' అని పేరు పెట్టారు. ఆ పేరు ఆవిడకి తెలుసనీ, తెలిసి లోలోపల మురిసిపోతుందనీ పిల్లలకీ తెలుసు. ఇప్పుడు హాస్టలుకి సెలవులు.

పెద్దమ్మ కాళ్ళూ చేతులూ కడుక్కుని పాప గదిలోకి అడుగుపెట్టి, అలాగే ఆగిపోయింది. కిటికీలు మూసి ఉన్నాయి. పరదాలు దించి ఉన్నాయి. ఫ్యాను ఆపేశారు. పాప నెత్తిన టోపీ, కాళ్ళకి మేజోళ్ళు, ఒంటినిండా పొత్తిగుడ్డలు, వాటిమీద శాలువా. భర్త మునివేళ్ళ మీద నడుస్తున్నాడు.

"ఏమిటయ్యా అల్లుడూ, దొంగతనానికి వచ్చినవాడిలా ఆ నడకేమిటి?"

"పాప ఉలిక్కిపడుతుందని, అత్తయ్యగారూ" అన్నాడతను గుసగుసగా.

"పడనీ. ఉలిక్కిపడితే లేస్తుందిగా! ఇలాంటి గదిలో పడుకోబెడితే నేనూ లేవను, మీ తాత దిగివచ్చినా లేవను."

బాలింత గదిని కలయజూసింది. వెచ్చగా, చీకటిగా, కదలకుండా. ప్రయోగశాలలో క్రిములు పెరగాలని గాజు పళ్ళేల్లో పాలచుక్కలు వేసి, వెచ్చటి పెట్టెలో పెట్టి తలుపు మూసి, ఎవరూ తాకొద్దని ఇన్నాళ్ళూ అందరినీ కసురుతూ వచ్చింది. ఇంటికొచ్చి, తనకి తెలియకుండానే కన్నకూతురికీ అలాంటి పెట్టె కట్టేసింది. ఆమే వెళ్ళి పరదా లాగింది. ఎండ మంచం మీద పడింది. పాప మాత్రం ముక్కు ముడిచి, మళ్ళీ నిద్రలోకి జారిపోయింది.

"చూశావా! లే తల్లీ, లేమ్మా!" ఆమె పాప బుగ్గ తట్టబోయింది.

"ఆగు. పాలు పట్టే వేళ దాటిపోయిందా?"

"ఇంకా కాసేపుంది."

"అయితే తొందరపడకు. ఇప్పుడది నూతి అడుగున ఉంది. అడుగున ఉన్నదాన్ని లాగితే తాడు తెగుతుందే గానీ మనిషి రాదు. నేను హాస్టల్లో ఏం చేసేదాన్నంటే, అలాంటి పిల్లని దాటేసి పక్క మంచానికి వెళ్ళేదాన్ని. తిరిగొచ్చేసరికి కాస్త పైకి తేలి ఉండేది. రెప్పలు చూస్తూ ఉండు."

ఇద్దరూ మంచం పక్కన కూర్చున్నారు. కొంతసేపటికి మూసిన రెప్పల కింద కనుపాపలు అటూ ఇటూ కదిలాయి. పెదాలు ఊరికే చప్పరించాయి. పిడికిలి మెల్లగా నోటి వైపు బయల్దేరింది.

"అదిగో! ఇప్పుడు పట్టుకో. పాల సంగతి నాకు తెలీదు, అది నువ్వు చూసుకో. లేపడం నేను చూస్తాను."

పెద్దమ్మ పాదాల దగ్గర మొదలుపెట్టింది. శాలువా, మేజోళ్ళు, పొత్తిగుడ్డలు ఒక్కొక్కటే తీసింది. తడిసిన లంగోటీ మార్చింది. అరికాళ్ళని బొటనవేలితో రాసింది. ఒట్టి లంగోటీతో పాపని తెచ్చి తల్లి గుండెల మీద బోర్లా పెట్టింది.

"చలి వేయదూ?"

"నీ ఒళ్ళేం ఐసుగడ్డా? వీపు మీద దుప్పటి కప్పు, చాలు."

ఆస్పత్రిలో నర్సు చూపించినట్టు బాలింత ఒక పాలచుక్క పిండి పాప పెదాలకి రాసింది. పాప నాలుక బయటికొచ్చి రుచి చూసింది. ఆవలించినంత పెద్దగా నోరు తెరిచింది. తల్లి ఆ క్షణాన్ని వదల్లేదు. పాపని దగ్గరికి లాక్కుంది. పట్టు కుదిరింది. నాలుగుసార్లు చప్పరించింది. రెప్పలు మళ్ళీ వాలిపోయాయి.

"చూశావా పెద్దమ్మా! ఇదే వరస."

"ఓసి దీని అసాధ్యం కూలా! పళ్ళు తోముకుంటూ బ్రష్షు నోట్లో పెట్టుకుని నిలువునా నిద్రపోయే పిల్లల్ని చూశాను. అచ్చం అలాగే ఉంది!"

బాలింతకి నవ్వాగలేదు. నవ్వుతోపాటు భుజాలు వదులయ్యాయి. చప్పరించడం నెమ్మదించినప్పుడు రొమ్మును మెత్తగా నొక్కి పట్టమని నర్సు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. నొక్కింది. పాప గొంతు కదిలింది. చిన్న గుటక. మళ్ళీ ఒకటి. గదిలో ముగ్గురు పెద్దవాళ్ళూ ఊపిరి బిగబట్టి ఆ చప్పుడు విన్నారు. ఆగిపోయినప్పుడు త్రేన్పు తీయించి, వీపు నిమిరి, రెండో వైపు పట్టింది. చివరికి బిగిసి ఉన్న పిడికిలి దానంతటదే విచ్చుకుంది.

"కళ్ళు కాదే, చేతులు చూడు. ఆకలి ఉన్నంతసేపూ పిడికిలి వదల్లేదు" అంది పెద్దమ్మ.

అన్నిసార్లూ అలా జరగలేదు. మర్నాడు మధ్యాహ్నం భర్త బట్టలు ఆరేస్తున్నాడు, పెద్దమ్మ వంటింట్లో ఉంది, పాపని లేపే వేళయింది. బట్టలు విప్పినా, అరికాళ్ళు రాసినా పాప కదల్లేదు. బాలింతకి డాక్టరు మాట గుర్తొచ్చింది. రేపే తూకం. ఇప్పుడు తాగకపోతే? పాప కాళ్ళు గట్టిగా కుదిపింది, తడిచేత్తో మొహం తుడిచింది. "లే! లేవవేం? లే!" అని అరిచింది. పాప లేచింది. లేచి, వెనక్కి విల్లులా వంగి, ఊపిరాడనంతగా ఏడ్చింది. రొమ్ము దగ్గరికి తెస్తే మొహం తిప్పేసుకుంది.

పెద్దమ్మ పరుగున వచ్చి పాపని ఎత్తుకుంది.

"ఏడుపు గట్టిగానే ఉంది, మంచిదే. ముందు నువ్వెళ్ళి మొహం కడుక్కురా."

"పాప ఆకలితో ఉంటే నేను మొహం కడుక్కోవాలా?"

"కడుక్కోవాలి. నీళ్ళు కూడా తాగి రా."

కోపంగానే వెళ్ళింది. చన్నీళ్ళు మొహానికి తగిలాక గానీ ఎంతసేపటినుంచి పళ్ళు బిగించి ఉందో ఆమెకే తెలియలేదు. తిరిగొచ్చేసరికి పాప పెద్దమ్మ భుజం మీద వెక్కిళ్ళతో సర్దుకుంటోంది. అప్పుడూ సరిగ్గా పట్టలేదు. పిండిన పాలు చిన్న చెంచాతో కొద్దికొద్దిగా పెదాలమీద పోస్తే చప్పరించి మింగింది. ఆ రుచితో కాస్త హుషారై, తర్వాత రొమ్ము పట్టింది. ఆ పూటకి గండం గట్టెక్కింది.

తూకం రోజున డాక్టరు మళ్ళీ కళ్ళజోడు సవరించుకుంది. తూకం అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి. బాలింత చూడలేక గోడవైపు తిరిగింది.

"పెరిగింది" అంది డాక్టరు. "కొంచెమే, కానీ పెరిగింది. పసుపు రంగూ తగ్గుతోంది. చేర్చక్కర్లేదు. ఇలాగే లేపి పట్టండి, కొన్నాళ్ళకి తనే మిమ్మల్ని లేపుతుంది."

బాలింత చప్పున పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. పెద్దమ్మ ఆ చేతిని తట్టి, డాక్టరుతో, "వీళ్ళమ్మకి ఇప్పుడే ఫోన్ చెయ్యొచ్చాండీ? లేకపోతే కట్టుతోనే కుంటుకుంటూ వచ్చేస్తుంది" అంది.

హాస్టల్ తెరిచే రోజు దగ్గరపడి పెద్దమ్మ సంచీ సర్దుకుంది. పాపని ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్న బాలింతకి పాత భయం మళ్ళీ తలెత్తింది.

"నువ్వెళ్ళిపోతే ఎలా పెద్దమ్మా? నీ చేతిలో ఏదో ఉంది."

"నా చేతిలో ఏముందే, ముడతలు తప్ప! మీ అమ్మ నీకు చెప్పలేదా, మా ఇంట్లో అందరికంటే మొద్దునిద్ర నాదేనని? హాస్టల్లో చేరిన కొత్తలో నేను పిల్లల్ని లేపడం కాదు, పిల్లలే నన్ను లేపారు."

"నిజంగా?"

"ఒట్టు. ఒక పిల్ల తలుపు బాదేది. నేను లేచి దాన్ని తిట్టి మళ్ళీ పడుకునేదాన్ని. ఇంకో పిల్ల వచ్చి, కిటికీ తెరిచి, నా కాళ్ళ దగ్గర కూర్చుని, 'తెల్లారింది మేడమ్' అని నవ్వేది. ఆ నవ్వు చూశాక మళ్ళీ పడుకోబుద్ధయ్యేది కాదు. నాకు వచ్చిన విద్యంతా ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నదే."

సంచీ జిప్పు లాగి, పెద్దమ్మ పాప బుగ్గ మీద వేలు ఆనించింది.

"అందుకే ఆ రోజు మొహం కడుక్కురమ్మన్నాను. అది కళ్ళు తెరవగానే ముందు చూసేది నీ మొహాన్నే. అక్కడ భయం కనబడిందనుకో, మళ్ళీ కళ్ళు మూసేసుకుంటే దాని తప్పేముంది?"

ఇప్పుడా ఇంట్లో పాలవేళకి కిటికీ తెరుచుకుంటుంది. తల్లి ముందు చన్నీళ్ళతో మొహం కడుక్కుంటుంది, గ్లాసుడు నీళ్ళు తాగుతుంది, అద్దంలో ఒకసారి చూసుకుని నుదుటి ముడతలు విప్పుకుంటుంది. అప్పుడు వచ్చి పాప పాదాల దగ్గర కూర్చుంటుంది. రెప్పలు కదిలేదాకా ఆగి, మేజోళ్ళు తీస్తూ, "తెల్లారింది మేడమ్" అంటుంది. మిట్టమధ్యాహ్నమైనా ఆ మాటే. పెద్దమ్మ వీధిలో ఆటో ఎక్కి, తల బయటికి పెట్టి మరీ చెప్పింది కదా.

"ముందు నీ మొహానికి తెల్లారనీ అమ్మడూ. తర్వాత పిల్లని లేపు."