సగం కాలిన చుట్ట

నర్సీపట్నానికి మోటారు బస్సు వచ్చిన కొత్తల్లో దాన్ని నడిపిన డ్రైవరు, ఇంజనులో ఏ మర బిగుసుకుపోయినా బలం చూపించేవాడు కాదు. మర మొదలు దగ్గర కిరసనాయిలు పోసి, దూరంగా వెళ్లి చుట్ట ముట్టించేవాడు. "సుట్ట అయ్యేసరికి అదే ఒదులుద్ది బాబూ" అనేవాడు. చుట్ట పూర్తిగా కాలాకే పానా పట్టేవాడు.

ఒకరోజు మా నాన్నని అనకాపల్లి ఆసుపత్రికి తీసుకెళుతున్నాను. తాళ్లపాలెం దగ్గర బస్సు ఆగిపోయింది. ఇంజనులో ప్లగ్గు విప్పి తుడవాలన్నాడు డ్రైవరు. అదేమో కదల్లేదు. అలవాటు ప్రకారం కిరసనాయిలు పోసి చుట్ట వెలిగించాడు. వెనక సీట్లో నాన్నకి ఊపిరి అందడంలేదు.

"నీ చుట్ట తగలెయ్య! మనిషి పోయేలా ఉంటే ఏటీ కూర్చోడం? బేగి విప్పు!" అని అరిచాను.

నాన్న వైపు ఒకసారి చూశాడు. సగం చుట్ట పారేసి పానా తిప్పాడు. ప్లగ్గు టప్పున విరిగింది. మరలున్న ముక్క లోపలే ఉండిపోయింది, పట్టుకుని లాగడానికి అంచైనా లేకుండా.

ఎడ్లబండి దొరికేసరికి నాన్న పోయారు.

"నాదే తప్పు బాబూ, తొందరపడిపోనాను" అన్నాడతను, అందరూ వింటుండగా.

కాదని నేను అనలేదు.

ఆ తర్వాత నేనెక్కిన రోజు బస్సు ఆగిందంటే, చుట్ట ముట్టించేముందు నాకేసి చూసేవాడు, నేను సరేనంటేనే అన్నట్టు.