తాబేళ్ళనూ నమ్మని అక్క

మా తోడికోడలు పోయిందన్న మాటను నేను వెంటనే నమ్మలేదు. పోయిన నెలలో ఒక ఉదయం ఆఫీస్ పార్కింగ్‌లో కారు ఆపుతుంటే మా ఆయన ఫోన్ చేసి, "వదిన ఇగ లేదు" అన్నాడు. "ఎవరు చెప్పారు?" అని అడిగాను. "అన్న." "అన్నయ్యకి ఎవరు చెప్పారు?" "డాక్టర్." హాస్పిటల్‌కి వెళ్ళి ఆ డాక్టర్‌ని కూడా అడిగాను, మళ్ళీ ఒకసారి చూశారా అని. మెదడులో రక్తనాళం చిట్లిందనీ, ఇలాంటిది రాబోతోందని ముందుగా ఎవరికీ తెలియదనీ ఆయన ఓపికగా చెప్పాడు. తలూపాను కానీ, ఇంకో డాక్టర్ వస్తే బాగుండుననుకుంటూ అక్కడే నిలబడ్డాను. అలా నిలబడడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఆమె మా బావగారి భార్య. నేను "అక్కా" అనేదాన్ని. ఆమెది హనుమకొండ. నేను ఏలూరు నుంచి అదే ఇంటికి రెండో కోడలిగా వచ్చాను. అమెరికాలో, ప్లేనో అనే ఊళ్ళో మా రెండిళ్ళూ దగ్గర దగ్గరే, కూర వేడి చల్లారేలోపు గిన్నె ఇటునుంచి అటు చేరేది. అక్క ఒక పెద్ద కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. మిగతావాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఆ పని ఆగేది కాదు. ఇండియన్ స్టోర్‌లో పెరుగు డబ్బా ముందు వరసలోది ఎప్పుడూ తీసుకునేది కాదు, చెయ్యి లోపలిదాకా పెట్టి వెనకది లాగేది. "ముందల పెట్టిండ్రంటే దానికేదో కారణం ఉంటది" అనేది. ఏ హోటల్‌కి వెళ్ళాలన్నా రివ్యూలు చదివేది, అదీ మూడు స్టార్లవే. "ఐదు స్టార్లు సొంతోళ్ళు ఇస్తరు. ఒక్క స్టార్ కోపంల ఇస్తరు. మూడు స్టార్లోళ్ళే నిజం చెప్తరు." నేను కొత్త ఇల్లు చూసొచ్చి చాలా బాగుందంటే, "బాగుంది అంటున్నవంటే ఇంకా మంచిగ చూడలేదన్నట్టు" అని మళ్ళీ పంపించింది. రెండోసారి వెళ్ళినప్పుడు బేస్‌మెంట్ లేని ఆ ఇంట్లో కూడా ఎక్కడో తడి వాసన పట్టుకున్నాను. ఆ ఇల్లు కొనలేదు.

అలాంటి మనిషి మమ్మల్నందరినీ సముద్రంలోకి తీసుకెళ్ళింది. ఆమె గురించి ఒక్క సంగతే చెప్పమంటే నేను చెప్పేది అదే.

వాళ్ళమ్మాయి హైస్కూల్ పూర్తిచేస్తున్న ఏడాది అది. గ్రాడ్యుయేషన్‌కి ఏం కావాలని అడిగితే ఆ పిల్ల, అమెరికా కిందే ఉన్న సెయింట్ జాన్ దీవికి వెళ్ళి సముద్రపు తాబేళ్ళతో స్నోర్కెలింగ్ చేయాలంది. కళ్ళకు అద్దం కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, నీళ్ళమీద బోర్లా తేలుతూ అడుగున ఉన్నవి చూడడమన్నమాట. అక్క సమాధానం ఒక్క ముక్క. "నో." పిల్ల అలిగింది. బావగారు బతిమాలారు. మా ఆయన వీడియోలు చూపించాడు. "వీడియోలు మంచిగనే తీస్తరు" అంది అక్క.

ఆ తరువాత కొంతకాలానికి అందరికీ అక్కమీదే అనుమానం మొదలైంది.

ప్రతి మంగళవారం సాయంత్రం ఆమె ఫోన్ స్విచాఫ్ అయ్యేది. అడిగితే "టీమ్ మీటింగ్" అనేది. మీటింగ్ నుంచి వచ్చిన మనిషి కళ్ళు ఎర్రగా ఉండేవి, మాటల్లో అలసట. అప్పట్లో చుట్టుపక్కల కంపెనీలన్నిట్లో లేఆఫ్స్ నడుస్తున్నాయి. మావన్నీ హెచ్‌వన్ వీసా ఇళ్ళు, ఉద్యోగం పోతే దేశం వదలాలి. ఎవరైనా మాట తగ్గించారంటే ముందు ఉద్యోగం గురించే భయపడతాం. జాబ్ పోయిందేమో, చెప్పకుండా ఇంటర్వ్యూలకు తిరుగుతోందేమోనని మా ఆయన అనుమానం. నాకు వేరేగా అనిపించింది, ఏడ్చి వస్తోందని. ఒకరోజు బావగారు మా వంటింట్లోకొచ్చి, టీ తాగుతూ తాగుతూ, "నీకేమన్న చెప్పిందా అమ్మా?" అని మెల్లగా అడిగారు. లేదన్నాను. ఆయన కప్పు దించి, "హాస్పిటల్‌కైతే పోతలేదు గద?" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

ఇంతలో అక్కే ఒక ఆదివారం భోజనాల దగ్గర, "జూన్‌ల సెయింట్ జాన్ పోదాం. అందరం" అంది. పిల్ల కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. మిగతా ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం. ఒప్పుకోని మనిషి ఒప్పుకుందంటే వెనక ఏదో ఉంది. ఇంటికొస్తూ కార్‌లో మా ఆయన, "వదిన ఏదో దాస్తున్నది. పక్కా" అన్నాడు. నేను కాదనలేకపోయాను.

ప్రయాణానికి అందరి పాస్‌పోర్టులూ, వీసా కాగితాలూ వెంట తెమ్మంది. "అది అమెరికానే కదక్కా" అన్నాను. "అమెరికాల ఉన్నమా లేదా అని అడిగెటోళ్ళు గూడ అమెరికాలనే ఉంటరు" అంది. నిజమే, తిరిగి వచ్చేటప్పుడు పక్కదీవి సెయింట్ థామస్‌లోని ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసర్ మా కాగితాలన్నీ అడిగి చూశాడు. ఆమె మాత్రం మా వైపు విజయగర్వంతో చూడలేదు. ఆ ఆఫీసర్ స్టాంప్ సరిగ్గా చూశాడో లేదోనని మెడ సాచి చూసింది.

విమానం దిగిన ఆ పక్కదీవి నుంచి సెయింట్ జాన్‌కి పడవలో దాటాలి. దిగగానే రేవులో ఒకాయన టూర్ బోటు పక్కన నిలబడి, తాబేళ్ళు గ్యారంటీ అని పిలుస్తున్నాడు. మా ఆయన కార్డు తీయబోయాడు. అక్క అతని చెయ్యి పట్టుకుని ఆపి, ఆ బోటాయనతో ఇంగ్లీష్‌లో ఎంతో మర్యాదగా, ఆ తాబేళ్ళు మీ దగ్గర పనిచేస్తాయా అని అడిగింది. ఆయన నవ్వాడు. అక్క నవ్వలేదు. పక్కకొచ్చి మాతో, "గ్యారంటీ అన్నడంటే వాటిని తరిమి తరిమి చూపిస్తడు. పదండి" అంది.

ఆ దీవి నిండా బీచ్‌లే. తాబేళ్ళు ఎక్కడుంటాయని జీపు అద్దెకిచ్చినామెని అడిగింది, మామిడిపళ్ళు అమ్మే ఆవిడని అడిగింది, ఎదురొచ్చిన టూరిస్టుల్ని ఆపి అడిగింది. ఒకే ప్రశ్న, ప్రతిసారీ వేరే రకంగా. అందరూ మాహో బే పేరే చెప్పారు. పగడపు దిబ్బల్లో చేపలు చూడాలంటే ట్రంక్ బేకి వెళ్ళండి, తాబేళ్ళకు మాత్రం మాహో, అక్కడ అడుగున గడ్డి ఉంటుంది, పొద్దున్నే మేతకొస్తాయి అన్నారు. నాకు తృప్తిగా అనిపించింది. అక్కకి అనుమానం పెరిగింది. "అందరు ఒక్కటే మాట అంటున్నరంటే, ఎవరో ఒకరు అన్నదే అందరు అంటున్నరేమో" అంది.

అయినా అక్కడికే వెళ్ళాం. ఆ దీవిలో ఎడమవైపు నడపాలి. బావగారు ఇన్నేళ్ళకి మళ్ళీ హనుమకొండలో నడుపుతున్నట్టు హుషారైపోయారు. మలుపులో రోడ్డుకడ్డంగా గాడిదలు నిలబడితే హారన్ కూడా కొట్టారు. మాహో బే రోడ్డు అంచునే ఉంది. చెట్లు దాటగానే ఇసుక, ఇసుక దాటగానే అద్దంలాంటి నీళ్ళు. అక్క ఎవర్నీ దిగనివ్వలేదు. ఒడ్డున కూర్చుని చాలాసేపు నీళ్ళనే చూసింది. కదలని నీళ్ళను అంతగా ఎందుకు చూస్తోందో అప్పుడు నాకర్థం కాలేదు. తరువాత లేచి, చెప్పులు విడిచి, మెడదాకా మూసిన ఈత బట్టల్లో నడుముల్లోతు దాకా వెళ్ళి, అక్కడినుంచి ఈదడం మొదలుపెట్టింది.

మేమందరం నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాం. పిల్ల ముందుగా తేరుకుంది.

"అమ్మా! నువ్వు స్విమ్ చేస్తావా? సిన్స్ వెన్?"

అక్క వెనక్కి తిరిగి, రొప్పుతూ, "మంగళవారాలు" అంది.

బావగారు ఇసుకలో కూలబడి నవ్వారు. కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ నవ్వారు. అన్ని నెలలుగా ఆయన ఏం భయపడ్డారో నాకు తెలుసు కాబట్టి నేను అటు చూడలేకపోయాను.

ఆ రోజు మాకు తాబేళ్ళు కనబడలేదు. దిగేసరికే బాగా పొద్దెక్కింది, బీచ్ జనంతో నిండిపోయింది. ఎవరికీ ఏమీ కనిపించని నీళ్ళలో అక్కా వాళ్ళ వెనకే నేను లైఫ్ వెస్ట్ వేసుకుని తేలుతూ వెళ్ళాను. ఎంత దూరం వచ్చానో గమనించలేదు. ఏదో చిన్న అల నా గొట్టం మీదుగా వచ్చి ఉప్పునీళ్ళు గొంతులోకి దిగాయి. నిలబడదామని కాళ్ళు చాపితే నేల తగల్లేదు. ఒంటిమీద వెస్ట్ ఉందన్న సంగతి కూడా మరిచిపోయాను. చేతులు కొట్టుకున్నాను, అద్దం ఊడి కళ్ళకు అడ్డం పడింది. ఒడ్డున ఉన్నవాళ్ళకు అది ఆటలా కనిపించి ఉంటుంది. నాకు మాత్రం ఇదే ఆఖరనిపించింది.

అక్క ఎప్పుడొచ్చిందో తెలియదు. నా వెస్ట్ భుజం దగ్గర గట్టిగా పట్టుకుంది.

"నన్ను పట్టుకోకు. నేనే నిన్ను పట్టుకున్న. నా మొహం చూడు."

చూశాను.

"గొట్టం తీసెయ్. ఊదు. ఇంకా ఊదు. నువ్వు తేలుతున్నవు, చూసుకో. కాళ్ళు కొట్టకు."

ఆమెకీ ఆయాసంగానే ఉంది. పెదవులు వణుకుతున్నాయి. ఆమె గొప్ప ఈతగత్తె కాదని, తన భయాన్ని కూడా లాక్కుంటూ నన్ను లాగుతోందని ఆ దగ్గరలో నాకు స్పష్టంగా తెలిసింది. కాళ్ళకు ఇసుక తగిలేదాకా భుజం వదల్లేదు.

ఒడ్డున చెట్టునీడలో ఇద్దరం తువ్వాళ్ళు కప్పుకుని కూర్చున్నాం. నా వణుకు తగ్గాక అడిగాను.

"ఎందుకక్కా చెప్పలేదు? బావగారు ఎంత కంగారుపడ్డారో తెలుసా?"

"చెప్తే మీరందరు నమ్ముతరు. ఆమెకు ఈత వచ్చులే అని ధైర్యంగ ఉంటరు. నాకే నా మీద నమ్మకం రాకముందు మీరు నమ్మితే ఎట్ల?"

"అసలు నేర్చుకోవడం ఎందుకు? గైడ్‌లు ఉంటారు, వెస్ట్‌లు ఉంటాయి..."

ఆమె చేతిలోని ఇసుక దులుపుకుంది. "వెస్ట్ కుట్టినోడు ఎవరో నాకు తెల్వదు. గైడ్ ఎవరో తెల్వదు. నా బిడ్డ నీళ్ళల్లకు పోతా అంటున్నది. ఒడ్డున కూసుండి నేను ఎంతమందిని నమ్మాలె?" తువ్వాలు దగ్గరికి లాక్కుని, "మొదటి మంగళవారం నీళ్ళల్ల తల ముంచమన్నరు. బయటికొచ్చి కార్ల కూసుండి ఏడ్చిన" అంది. "మళ్ళ మంగళవారం గూడ ఏడ్చిన."

థాంక్స్ అన్నాను. ఆమె, "ఆకలైతుందా?" అంది.

ఆమె పోయాక ఇంటికొచ్చిన ఆఫీసువాళ్ళు, ఇరుగుపొరుగు, ప్రతి ఒక్కరూ ఆమె అనుమానాల గురించే చెప్పుకున్నారు. ఒకామె ఇంట్లో గ్యాస్ లీకవుతోందని అక్క పట్టుబట్టి మనిషిని పిలిపించిందట. ఒకబ్బాయి ఆఫర్ లెటర్ మోసమని చదవకుండానే చెప్పేసిందట. ఆమె వల్ల విసుగెత్తిన సంగతులూ వచ్చాయి, దాచలేదు. పార్టీలకు పిలిస్తే నూనె ఏదని అడిగేదనీ, పొగిడితే ఎందుకు పొగుడుతున్నావనేదనీ నవ్వుకున్నారు. అన్నీ నిజమే. ఆమెతో ఉండడం తేలిక కాదు. ఆమె దేన్నైనా సరేనందంటే మాత్రం మేం ఇంక దాని గురించి ఆలోచించేవాళ్ళం కాదు. ఇప్పుడు ఇంట్లో ఏ నిర్ణయం తీసుకోవాలన్నా బావగారు, పిల్లా, మేమూ ఒకరినొకరు చూసుకుని ఆగిపోతున్నాం. మా బదులు అనుమానించే మనిషి లేకుండాపోయింది.

ఆ ప్రయాణంలో మాహో బేకి మర్నాడు మళ్ళీ వెళ్ళాం, ఈసారి జనం రాకముందే. నేను దిగనన్నాను. అక్క బలవంతం చేయలేదు, తన పక్కన చెయ్యి చాపి నిలబడింది, అంతే. పట్టుకుని దిగాను. కింద పచ్చటి గడ్డి, పైన మేం. ముందు పోతున్న పిల్ల చెయ్యెత్తింది. ఆ పిల్లకు సరిగ్గా కింద, పెద్ద పళ్ళెమంత తాబేలు ఒకటి తల వంచుకుని గడ్డి మేస్తోంది. పిల్ల దగ్గరికి పోబోతే అక్క వెనకనుంచి పిల్ల కాలు పట్టి ఆపి, తల పైకెత్తి, "తరమకు. అది అన్నం తింటున్నది" అంది. అక్కడ నీళ్ళు ఆమె గుండెలదాకా ఉన్నాయి. అద్దం నుదుటిమీదికి నెట్టుకుని నిలబడింది.

అప్పుడే ఆ తాబేలు ఊపిరికోసం పైకొచ్చింది, సరిగ్గా ఆమె ఎదుట. తడి తల, చుట్టూ ముడతలున్న నల్లటి కళ్ళు. లిఫ్ట్‌లో ఎదురుపడ్డ ఇద్దరు తెలియని ఆడవాళ్ళలాగా అవీ ఇవీ అడగకుండా ఒకరినొకరు తేరిపార చూసుకున్నారు. ఎవరూ ఎవర్నీ నమ్మలేదు. ఎవరూ వెనక్కి తగ్గలేదు. తాబేలు ఫుస్సుమని ఊపిరి వదిలి, మళ్ళీ నిండా తీసుకుని కిందికి జారింది. అక్క అద్దం దించుకుంది, మొహం నీళ్ళలో పెట్టి, దానికి దూరంగా, దాని దారినే బయలుదేరింది. నీళ్ళమీద తేలుతున్న ఆమె జడ, ఆ గడ్డి మీదుగా మెల్లగా లోతువైపు సాగింది.