బోర్డు కోసం కాపాడుకున్న దగ్గు

డిసెంబరు నెల, మంగళవారం, పొద్దున ఆరుంబావు. మొదటి షిఫ్టు వాళ్లు బైకులెక్కి గనికి పోతున్న వేళ మా తమ్ముడి మనవరాలు ఊపిరి ఆపింది. పుట్టి నెలన్నర దాటింది, అంతే.

పాప ఏడవలేదు. నాలుగైదు సార్లు సన్నగా దగ్గింది. మొహం ఎర్రబడింది, తర్వాత పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగాయి, మెడ వాలిపోయింది. పక్కకు తిప్పి వీపు గట్టిగా రుద్దితే కాసేపటికి గాలి పీల్చుకుంది.

మా ఇంట్లో దగ్గు కొత్త కాదు. తమ్ముడు బొగ్గుబాయిలో తలనెరిసినవాడు. మరదలు పోయాక వాళ్లకు వండిపెట్టడానికి వచ్చి నేను ఆ ఇంట్లోనే ఉండిపోయాను. దసరా తర్వాత వాడికి దగ్గు పట్టుకుంది. జ్వరం లేదు. వస్తే మాత్రం కళ్లు బయటికొచ్చేలా దగ్గి, తిన్నదంతా కక్కి, ఆ తర్వాత ఏమీ కానట్టు కూర్చునేవాడు. దవాఖానకు పొమ్మన్నాను.

"ఉండనియ్యే అక్కా. బోర్డుకు పోయేదాక ఈ దగ్గు నాకు కావాలె" అన్నాడు.

జనవరిలో వాడు మెడికల్ బోర్డు ముందు నిలబడాలి. పనికి రాడని వాళ్లు తేలిస్తే ఆ నౌకరి ఖాళీగా ఉన్న కొడుక్కి, అంటే పాప తండ్రికి, వస్తుంది. అందుకే ఆ దగ్గు మాకు జబ్బులా కనిపించలేదు, ఆస్తిలా కనిపించింది. ఇంటికి వచ్చినవాళ్లు కూడా "మంచిగనే దగ్గుతున్నవ్ బావా, గిట్లనే కాపాడుకో" అని నవ్వేవాళ్లు. ఆ దగ్గుతోనే వాడు రోజూ పాపను రొమ్ము మీద పడుకోబెట్టుకుని జోకొట్టేవాడు.

పాపకు వారం నుంచి ముక్కు కారుతోంది. ఓపెన్‌కాస్ట్ గని దుమ్మనుకుని కిటికీకి తడిగుడ్డ కట్టాం. వేయించాల్సిన టీకా కూడా జలుబు తగ్గాక చూద్దామని ఆపేశాం.

ఆ పొద్దున పిలవగానే గల్లీ చివరి ఆటో భాయ్ చాయ్ గ్లాసు కింద పెట్టి వచ్చాడు. దవాఖానలో పాపకు ఆక్సిజన్ పెట్టి, ఇంట్లో ఎవరికైనా దగ్గుందా అని డాక్టరమ్మ అడిగింది.

"గోదావరిఖనిల దగ్గు లేని ఇల్లేదమ్మా" అన్నాను.

"దగ్గి దగ్గి వాంతి చేసుకునే దగ్గు?"

కోడలు మామ వైపు చూసింది. 

కోరింత దగ్గు అంది డాక్టరమ్మ. కాస్త పెద్ద పిల్లలకైతే దగ్గు చివర ఊపిరి లాగేటప్పుడు కూత వస్తుందట. ఇంత పసివాళ్లలో ఆ కూత వినబడకపోవచ్చు, ఊపిరే ఆగిపోతుందట. దగ్గు మందులు పట్టించి ఇంట్లో చూసుకునే జబ్బు కాదంది. కడుపుతో ఉన్నప్పుడే తల్లికి టీకా పడితే బిడ్డకు కొంత రక్షణ ఉండేదంది. దగ్గు ఉన్నా లేకున్నా ఇంట్లో అందరూ ఆరోజే గోళీలు మొదలుపెట్టాలంది.

తమ్ముడు గోళీ చేతిలో పట్టుకుని అడిగాడు. "ఇది ఏసుకుంటే దగ్గు పోతదా డాక్టరమ్మా?"

"దగ్గు ఇంకొన్ని వారాలు ఉంటుంది. ఇంకొకరికి అంటదు, అంతే."

ఏ జవాబు కోరుకుని అడిగాడో నేను అడగలేదు. నీళ్లు లేకుండానే మింగాడు.

పాప దక్కింది. కానీ ఒళ్లు చేయలేదు. ఇప్పటికీ కొంచెం దగ్గితే చాలు, తల్లి లైటు వేసి పెదాల రంగు చూస్తుంది. బోర్డు వాళ్లు తమ్ముడి ఊపిరితిత్తులు బాగున్నాయని డ్యూటీకి పంపారు. కొడుకు ఇంకా ఖాళీగానే ఉన్నాడు. తమ్ముడు పాపను ఎత్తుకోవడం మానేశాడు. అంటదని ఎంత చెప్పినా వినడు.

ఆరోజు దవాఖానలో ఉన్నది ఇంతమందిమి: మంచం మీద పాప, దాని కాళ్లు పట్టుకుని తల్లి, గోడకానుకుని తండ్రి, గేటు దగ్గర ఆటో భాయ్, తలుపు బయట నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గుతున్న మా తమ్ముడు, ఎటు పోవాలో తెలియక మధ్యలో నేను.