మూడోసారి అనేదాకా

మా మామయ్యను కూరగాయల మార్కెట్లో అందరూ ‘మైకు’ అనేవాళ్లు. సరుకు ధరలు పలుకుతూ వేలం పాడేది ఆయనే. ఆయన గొంతెత్తితే గేటు దగ్గర లారీ డ్రైవర్లు కూడా హారన్ ఆపేవాళ్లు. అలాంటి గొంతులో క్యాన్సర్ వచ్చింది. స్వరపేటిక మొత్తం తీసేశారు. ఊపిరి తీసుకోవడానికి మెడ కింద ఒక రంధ్రం మిగిలింది.

“కొత్త పంట దిగేదాకా చూస్తా. అప్పటికీ పాడలేకపోతే మా అల్లుణ్ణి నిలబెడతా,” అన్నాడు మండీ యజమాని. ఆ అల్లుడికి దోసకాయకూ సొరకాయకూ తేడా తెలియదు. ఈ లోకంలో కుర్చీలు చేసేదే అలాంటివాళ్ల కోసం.

డాక్టరమ్మ ఒక దారి చూపించింది. ఊపిరి గొట్టానికీ అన్నం దిగే గొట్టానికీ మధ్య చిన్న సిలికాన్ వాల్వు పెడతారు. మెడ మీది రంధ్రాన్ని బొటనవేలితో మూస్తే ఊపిరి ఆ వాల్వు గుండా పైకి వెళ్లి మాట అవుతుంది. వేలు తీస్తే మాట ఆగిపోతుంది. ఆసుపత్రివాళ్లిచ్చిన రంగుల కాగితం నిండా నవ్వు ముఖాలే. వాల్వు కారితే తాగిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయన్న సంగతి మాత్రం అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అదీ చదివి వినిపించాను. మామయ్య పలక మీద ‘పెట్టించు’ అని రాశాడు.

వాల్వు పెట్టించుకుని వచ్చాక ఇంట్లో ఆయన అన్న మొదటి మాట, “కూరలో ఉప్పు తగ్గింది.”

అత్తయ్య కళ్లు తుడుచుకుంటూనే, “ఇన్నాళ్లూ ప్రాణానికి హాయిగా ఉంది. మళ్లీ మొదలెట్టారూ!” అంది.

కొత్త గొంతు బొంగురుగా, ఇనుప రేకు మీద ఇసుక రాసినట్టు ఉండేది. గోదాము వెనక ఖాళీ పెట్టెలకు రోజూ వేలం పాడి దాన్ని సాగదీశాడు. పంట దిగే ముందు, నీళ్లు తాగితే దగ్గు మొదలైంది. పొలమారిందని తీసిపారేశాడు. జ్వరం కూడా వచ్చింది.

“పొలమారడం కాదు మామయ్యా, వాల్వు కారుతోంది. ఆసుపత్రికి పద.”

“ఇప్పుడు మంచమెక్కితే ఆ అల్లుడు నా నెత్తికెక్కుతాడురా!”

అత్తయ్య అప్పటికే చెప్పులేసుకుంది. “మీరే పోతే ఇక పాడేదెవరు? లేవండి.”

వాల్వు మీద బూజు పట్టిందట. దాన్ని మార్చి మందులిచ్చారు, జ్వరం దిగింది. ఇది కొన్ని నెలలకోసారి మార్చాల్సిందేననీ, రోజూ బ్రష్షుతో శుభ్రం చేసుకోవాలనీ, దగ్గొస్తే ఆ రోజే రావాలనీ నర్సు గట్టిగా చెప్పి పంపింది.

పంట దిగింది. మామయ్య టమాటా పెట్టెల ముందు నిలబడ్డాడు.

“ఏం మైకూ, రిపేరయ్యావా?” ఎవరో అరిచారు.

“దగ్గరికి రా, వినిపిస్తా.”

గొంతు చిన్నదైంది కాబట్టి కొనేవాళ్లు నిజంగానే దగ్గరికి జరిగారు, కబుర్లు మానేశారు. ధర పెరుగుతూ పోయి హోటల్ పెద్దాయన దగ్గర ఆగింది.

“ఒకటోసారి... రెండోసారి...”

మూడోసారి అంటూ రెండు చేతులూ చరచడం మామయ్యకు ఏళ్లనాటి అలవాటు. చరిచాడు. బొటనవేలు మెడను వదిలేసింది. చప్పుడు మోగింది కానీ మాట రాలేదు. గాలి మాత్రం బుస్సుమంది.

ఆ సందులో తోపుడుబండి ఆవిడ, “ఇంకో పది!” అంది.

“పాట అయిపోయిందమ్మా!” పెద్దాయన ఎగిరాడు.

“మూడోసారి అన్లేదుగా?”

యజమాని అల్లుడు చొక్కా సర్దుకుంటూ ముందుకొచ్చాడు. మామయ్య అతనివైపు చూడలేదు. బొటనవేలు మళ్లీ మెడ మీద ఆనించాడు.

“తప్పు నాదే. ఆ చప్పట్లు పాత గొంతువి. ఇవాళ్టి నుంచి మాటే లెక్క. మూడోసారి అని వినపడేదాకా పాట బతికే ఉంటుంది. పెద్దాయనా, పెంచుతారా?”

పెద్దాయన గొణుక్కుంటూ పెంచాడు. ఆవిడ ఇంకా పెంచింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మామయ్య ఎడమ చేతిని జేబులో కుక్కుకున్నాడు. ‘మూడోసారి’ అన్న మాట బొంగురుగానే వచ్చింది కానీ, పూర్తిగా వచ్చింది. టమాటాలు తెచ్చిన రైతు పళ్లన్నీ బయటపెట్టాడు.

“నువ్వెళ్లి కాటా దగ్గర నిలబడు,” అన్నాడు యజమాని, తన అల్లుడితో.

మామయ్య అప్పటికే పక్క పెట్టె మూత తీయిస్తున్నాడు.