నసీమా మేడం అనుమానం

మొన్న మా ఇంటికి ఇంటర్నెట్ పెట్టడానికి వచ్చినతను గోడకు రంధ్రం చేసి నల్ల వైరు లాగుతుంటే కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. చేస్తున్న పని వదిలేసి, వైరు చేతిలోకి తీసుకుని, దాని మీద ఏం అచ్చేశారో చదవడం మొదలుపెట్టాను. "మా మీద అనుమానమా మేడం?" అని నవ్వాడతను. అనుమానమే మరి! ఆ గుణం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, నసీమా మేడం దగ్గర అంటుకున్నది.

తొంభైల నడుమ సిద్దిపేటలో విత్తనాలు, ఎరువులు హోల్‌సేల్‌గా అమ్మే ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. అక్కడి కంప్యూటర్లన్నిటికీ పెద్ద నసీమా మేడం. హైదరాబాదులో చదివి వచ్చిన మనిషి. గొంతు పెద్దది, నమ్మకం తక్కువ. చాయ్ వస్తే ముందు వాసన చూసేవారు. గోడ గడియారాన్ని చేతి గడియారంతో సరిచూసి, ఆ చేతి గడియారం సంగతి మళ్లీ బజారులో ఇంకెవరినో అడిగేవారు. నేను చేరిన రోజే నా సర్టిఫికెట్‌ను వెలుతురుకు పట్టి, "టైపింగ్ పరీక్ష నువ్వే రాసినవా, మీ అక్క రాసిందా?" అన్నారు. ఒళ్లు మండిపోయింది నాకు.

సరిగ్గా ఆ వారంలోనే రోగం మొదలైంది. పొద్దున అందరం పేరు, పాస్‌వర్డ్ కొట్టి కూర్చుంటే తెర కదలదు. చాయ్ తాగి కప్పులు కడిగి వచ్చినా అదే తెర. బయట కోహెడ నుంచీ తొగుట నుంచీ వచ్చిన దుకాణందార్లు బిల్లుల కోసం గొణుగుతూ నిలబడేవారు. అసలే విత్తనాల కాలం. "గీ పిల్ల వచ్చినకాన్నుంచే" అని మొదట ఎవరన్నారో గానీ, మధ్యాహ్నానికి అందరి నోటా అదే మాట. నా సంచిలో ఫ్లాపీ చూశామన్నారు, దాంట్లో వైరస్ తెచ్చానన్నారు. నేను హాల్లో అడుగు పెడితే మాటలు ఆగిపోయేవి. డబ్బా విప్పి అన్నం తింటుంటే పక్క కుర్చీలో ఎవరూ కూర్చునేవారు కాదు. ఆఫీసు యజమాని సేటు నన్ను పిలిచి, "శనివారం దాక సూస్త. గప్పటికి సక్కగ కాకుంటే నువ్వు వేరే జాగ సూస్కో బిడ్డా" అన్నాడు. ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. ఆ సాయంత్రం చింతమడక బస్సులో కిటికీకి తల ఆనించి ఏడ్చాను.

మర్నాడు నసీమా మేడం నన్ను అందరి ముందూ నిలబెట్టారు. "నాకు నీ మీద అనుమానమున్నది. ఫ్లాపీ తియ్యి" అన్నారు. తీశాను. తన కంప్యూటర్లో పెట్టి తెరిస్తే ఉన్నది నా బయోడేటా. "అరె! నౌకరిల చేరి నిండ వారం కాలే, అప్పుడే ఇంకో నౌకరికి అర్జీనా?" హాలంతా ఘొల్లున నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఒకటి మాత్రం గమనించాను. అంతమందిలో ఆ మాట నా ముఖం మీద అడిగింది ఆమె ఒక్కరే.

అక్కడితో ఆమె ఆగలేదు. మా కంప్యూటర్లన్నీ ఒకే వైరుకు వరుసగా తగిలించి ఉండేవి, ఆ వైరు రెండు కొసలకూ చిన్న మూతలుండేవి, అవి లేకుంటే వరుస పనిచేయదు. ముందు నా కంప్యూటర్‌ను వరుసలోంచి తప్పించారు. లాగిన్ అలాగే ఈడ్చింది. "ఊఁ" అన్నారు, కాస్త నిరాశగానే. తర్వాత తనదే తప్పించారు. మేం వింతగా చూస్తే, "ఏం, నా మీద నాకు అనుమానం ఉండొద్దా?" అన్నారు. ఆపైన ఒక్కొక్కటీ తీసి చూశారు. ఏదీ కాదు. ఇక మిగిలింది వరుస చివరనున్న సేటు గది.

ఆ గది జోలికి పోయే ధైర్యం ఎవరికీ లేదు. వాస్తు పంతులు చెప్పాడని సేటు ఆ మధ్యే కుర్చీ, బల్ల, కంప్యూటర్ అన్నీ నైరుతి మూలకు మార్పించుకున్నాడు. ఏదీ కదిలించొద్దని హుకుం. మేడం ఎవరినీ అడగలేదు. ఆ గదిలోకి పోయే వైరును హాల్లోనే విప్పేసి, అక్కడే మూత బిగించి, "ఇప్పుడు కొట్టుండ్రి" అన్నారు. కొట్టాం. పేరు కొట్టడమే ఆలస్యం, అందరి తెరలూ టకటకా తెరుచుకున్నాయి.

"నాది ఎందుకు బందైంది?" అంటూ సేటు బయటికి వచ్చాడు.

"మీ గదిల వైరు ఎవరు గుంజిన్రు సేటు?" అని అడిగారు మేడం.

"మా ఇంట్ల కేబుల్ టీవీ పెట్టినాయన. వైర్ తక్కువ పడితే తన దగ్గరున్నది అతికిండు. ఏం, రెండూ నల్లగనే ఉన్నయి కద!"

మేడం గదిలోకి వెళ్లి బీరువా వెనక అతుకు చూపించారు. ఒకటి కంప్యూటర్లకు వేసే వైరు, రెండోది టీవీది. పైకి ఒకేలా ఉన్నా అవి కలిసి పనిచేయవని, ఆ అతుకు దగ్గర తగిలి వెనక్కి మళ్లిన సిగ్నళ్లే వరుసంతా ఆగం చేస్తున్నాయని చెప్పారు. "గీ పిల్ల వచ్చిన వారమే మీ కుర్చీ గూడ జరిగింది సేటు. మనం పిల్లనే చూసినం" అన్నారు. సేటు ముఖం ఎర్రబడింది. ఇక ఆమె నౌకరీ పోయినట్టే అనుకున్నాను. అతను మీసం సవరించుకుని, "వాస్తు తప్పయితే కాదు కద?" అన్నాడు. "వాస్తు సంగతి నాకు తెల్వది. వైర్ మాత్రం తప్పే." సేటు సరైన వైరు తెప్పించాడు. శనివారం మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం బస్టాండు వైపు కలిసి నడుస్తూ, ఉండబట్టలేక అడిగాను. "మేడం, నా మీద అనుమానం పోయిందా?"

"యాడ పోతది? గా బయోడేటా ఎవరికి పంపుతున్నవో ఇంకా చెప్పకపోతివి."

"మరి నా కోసం సేటుతోని ఎందుకు కొట్లాడిన్రు?"

ఆమె ఆగి, తెలివిలేని ప్రశ్న విన్నట్టు నన్ను చూశారు. "అనుమానం నాది. నౌకరి నీది. నా అనుమానానికి నీ నౌకరి పోవుడేంది?"

ఇప్పుడు నా కింద కొందరు పనిచేస్తున్నారు. ఏదైనా చెడితే చాలు, ఎవరో ఒకరు వచ్చి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "ఆ కొత్తమ్మాయే మేడం" అంటూనే ఉంటారు. నాకూ అనుమానం వస్తుంది, రాదని అబద్ధం చెప్పను. తలుపు తీయించి ఆ అమ్మాయిని లోపలికి పిలుస్తాను. చెప్పినవాళ్లను మాత్రం కుర్చీలోంచి లేవనివ్వను.