యారంగోబిల్లీ కొలను దగ్గర ఆముదం వాసన

నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. పదో తరగతి తప్పాక కాకినాడలో శ్మశానం పక్క టీకొట్లో రెండేళ్లు పనిచేశాను. ఒక్క దెయ్యమూ వచ్చి టీ అడగలేదు. అందుకే ఈ సంగతి చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది.

అప్పట్లో నేను ఆస్ట్రేలియాలో, సిడ్నీ శివారు పారమట్టాలో ఒక హోటల్లో వంటవాణ్ణి. మా ఆవిడ రమ, ఆరేళ్ల కూతురు స్వాతి, నేను ఆ పక్కనే టూంగాబీలో ఉండేవాళ్లం. రమ అన్నయ్య, అంటే మా బావ, రెండువేల సంవత్సరం వస్తోందని కంప్యూటర్లకి నచ్చజెప్పే ఉద్యోగం మీద సిడ్నీ వచ్చాడు. గోడకి ఒక క్యాలెండరు తగిలిస్తే సరిపోదా బావా అంటే కోపమొచ్చేది.

ఆ ఏడు స్కూలు సెలవుల్లో అందరం కోజియస్కో నేషనల్ పార్కులో గుడారాలు వేసుకున్నాం. రెండో రోజు పొద్దున్నే యారంగోబిల్లీ కొలనుకి వెళ్లాం. భూమిలోంచి ఊరే గోరువెచ్చటి నీళ్లు. కార్లు పైన ఆపి, ఏటవాలు దారిలో పావుగంట దిగాలి.

నేను కారులోంచి తువ్వాళ్లు తీస్తున్నాను. స్వాతి ఆ దారిలో దిగిపోవడం రమ చూసింది. బావ ముందే వెళ్లాడనుకుంది. బయల్దేరిన మనిషిని వెనకనుంచి పిలవకూడదని ఊరుకుంది. బావేమో చెట్ల వెనక సెల్‌ఫోను పైకెత్తి సిగ్నల్ వెతుక్కుంటున్నాడు.

కాసేపటికి తిరిగొచ్చి, "స్వాతి ఏదమ్మా?" అన్నాడు.

"నీతో రాలేదా అన్నయ్యా?"

ఆ కొలను ఒక చివర మనిషి మునిగేంత లోతు. స్వాతికి ఈత రాదు. ఆ దారి ఎలా పరుగెత్తానో గుర్తులేదు.

స్వాతి కొలను పక్కన బల్ల మీద కూర్చుని ఉంది. బట్టలు తడవలేదు. చుట్టూ మనిషన్నవాడు లేడు. దగ్గరికి తీసుకుంటే ఆముదం వాసన. తలనిండా నూనె, బిగించి అల్లిన రెండు జడలు. పొద్దున రమ దానికి పెట్టింది ఒక్క రబ్బరు బ్యాండు.

మేము ఆముదం తేలేదు. ఇంట్లోనే లేదు. స్కూల్లో పిల్లలు ముక్కు మూసుకున్నారని దాని తలకి నూనె పెట్టడం మానేసి ఏడాదయింది.

ఎవరమ్మా అని అడిగాను. "ఓల్డ్ ఆంటీ" అంది. ఏమందని అడిగితే, తెలుగులో నాలుగు మాటలు వరసగా ఎన్నడూ మాట్లాడని పిల్ల తడుముకోకుండా చెప్పింది:

"తలకి నూనె పెట్టుకోకుండా వేణ్ణీళ్లలో దిగకూడదమ్మా. మీ నాన్నొచ్చేదాకా కూర్చో."

మాకు ఎవరూ ఎదురు రాలేదు. నదివైపు ఇంకో దారి ఉంటే బావ దాని చివరిదాకా వెళ్లొచ్చాడు. పైన ఉన్నవి మా రెండు కార్లే. నేను చేరేసరికి పిల్ల వచ్చి ఐదు నిమిషాలు కూడా అయి ఉండదు. ఆ జడలకి అరగంట పడుతుందని రమ అంటుంది. బావ చాలా రకాలుగా లెక్కలు వేశాడు. ఏదీ కుదరలేదు.

ఇంటికొచ్చాక రమ మూడు రోజులు ఆ జడలు విప్పలేదు. విప్పిన రోజు ఏడ్చింది. స్వాతికి ఇప్పుడు అవేమీ గుర్తులేవు.

ఆవిడ ఎవరో, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు. ఎదురైతే ముందు కాళ్లకి దండం పెట్టి, ఆ తర్వాతే అడుగుతాను.