సన్నాయి తాత పళ్ళ వెనక కండ

కొత్తగా పళ్ళ డాక్టరునై రాయగడలో ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, నాకు తెలియని జబ్బు మనిషి నోట్లో ఉండదని గట్టిగా నమ్మేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పట్లో రోజూ ఆ నమ్మకాన్ని కూడా తెల్లకోటుతో పాటే ఇస్త్రీ చేసుకుని వెళ్ళేదాన్ని. నేను పనిచేసిన ఆసుపత్రి బస్టాండు దగ్గర రెండు గదులది. దాన్ని నడిపే ఆవిడను అందరం పెద్దమేడం అనేవాళ్ళం. నారాయణపట్నలో పుట్టి పెరిగిన మనిషి. సంతకొచ్చిన కొండ ఊళ్ళవాళ్ళతో వాళ్ళ దేశియా, ఆఫీసుల వాళ్ళతో ఒడియా, మాతో తెలుగు మాట్లాడేవారు. రోగి నోరు తెరిచాక ఆవిడ వెంటనే ఏమీ చేసేవారు కాదు, చాలాసేపు చూస్తూ కూర్చునేవారు. (పెద్దవయసు కదా, చదివింది గుర్తు రావడానికి టైము పడుతుంది కాబోలు అనుకునేదాన్ని. నాకప్పుడు ఇరవై నాలుగు.)

ఒకసారి ఆవిడ వైద్యశిబిరానికి బిస్సమ్ కటక్ వెళ్ళి నాలుగు రోజులు ఊళ్ళో లేరు. సరిగ్గా అప్పుడే మా వీధి సన్నాయి తాత వచ్చాడు. (వాయించేది క్లారినెట్టే. మా వీధిలో మాత్రం నోటితో ఊదేదంతా సన్నాయే.) మున్సిపాలిటీలో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ పెళ్ళిబ్యాండులో పెద్దవాయిద్యం ఆయనదే. పైవరస ముందుపళ్ళ వెనక, చిగురు మీద సెనగగింజంత ఎర్రటి కండ లేచింది. ముట్టుకుంటే రక్తం.

"నాలుగు ఊదుళ్ళు ఊదేసరికి నోరంతా నెత్తురే అమ్మీ. ఇంకో రెండు నెలలకి పెళ్ళిళ్ళు. మా బ్యాండు మేస్త్రీ కీబోర్డు కుర్రోడ్ని సూసుకుంటున్నాడు. ఆడొచ్చీస్తే నన్ను లైట్ల బండి తొయ్యమంటాడు," అన్నాడు తాత. నలభై ఏళ్ళు ఊరేగింపు ముందు నడిచిన మనిషి మరి.

ఎక్స్‌రే తీశాను. ఎముక బాగుంది. ఇది ప్రాణానికి ముప్పు లేని మామూలు కండే అని తేల్చాను. (అందులో తప్పు లేదు, అది నేటికీ నా పక్షాన చెప్పుకోదగ్గ ఒకే ఒక్క ముక్క.) మేడం వచ్చేదాకా ఆగుదామని కాంపౌండరు అన్నాడు. నేను ఆగుతానా? మత్తుసూది వేసి, కండను చక్కగా కోసేసి, పరీక్ష కోసం విశాఖపట్నం పంపాను. భయపడాల్సింది ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. ఆ సెనగగింజ ఫొటో నాతో చదువుకున్న అందరికీ పంపాను. మా అమ్మకు అన్నం తింటుండగా చూపించి తిట్లు తిన్నాను.

నెల తిరిగేసరికి తాత మళ్ళీ వచ్చాడు. నన్ను నొప్పించకూడదని కాబోలు, చాలా మెల్లిగా చెప్పాడు. "నువ్వు బాగానే కోసినావమ్మీ. కానీ మళ్ళీ మొలిసింది. ఇత్తనం లోపల ఉండిపోనాదేటో." నోరు తెరిపించి చూస్తే అదే చోట, అదే కండ, ఈసారి కాస్త బలిసి ఉంది. పెళ్ళిళ్ళకు ఇక నెలే ఉంది.

పెద్దమేడం ఈసారి ఊళ్ళోనే ఉన్నారు, తాత నోరు తెరిపించారు. అలవాటు ప్రకారం చాలాసేపు చూశారు. నా రిపోర్టు చదివారు. తర్వాత తాతను అడిగారు. "నీ వాయిద్యం తెచ్చినావేటి?"

సంచిలోనే ఉంది. తాత ఎక్కడికెళ్ళినా అది వెంటే ఉంటుంది.

"ఊదు."

తాత కుర్చీలో కూర్చునే ఊదాడు. ఆవిడ పక్కనుంచి చూసి తల అడ్డంగా తిప్పారు. "పెళ్ళిలో కుర్సీలో కూకుని ఊదుతావా?"

"నేదమ్మా. నడుస్తూ."

"మరి నడుస్తూ ఊదు."

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒంటరిగా ఉన్నా నవ్వొస్తుంది. తాత క్లారినెట్ ఎత్తి, పెళ్ళికొడుకు వెనకే వస్తున్నట్టు నా పళ్ళకుర్చీ చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. ఆయన మూతికి జానెడు దూరంలో కళ్ళు పెట్టి, పెద్దమేడం వెనక్కి వెనక్కి అడుగులేస్తూ ఆయన ముందు నడిచారు. ఎక్స్‌రే పట్టుకుని నేను వెనకాల. బయట కూర్చున్నవాళ్ళంతా తలుపు దగ్గరకు చేరారు. సగం మొహం మత్తెక్కిన ఒక రైల్వే ఆయన ఇనుప కుర్చీ మీద దరువు అందుకున్నాడు. మూడో చుట్టులో మేడం చెయ్యెత్తి ఆపి, క్లారినెట్ తీసుకుని, నోట్లో పెట్టుకునే నల్లటి ముక్క నా ముందు పెట్టారు.

దాని పైన పగులు. పగులు మీద లక్క. ఆ లక్క గడ్డకట్టి గట్టుగా లేచింది. గట్టు అంచున ఎర్రగా నెత్తుటి చార.

"కల్యాణసింగ్‌పూర్ పెళ్ళి నుంచి వస్తుంటే జీపులోంచి పడిపోనాది," అన్నాడు తాత నేరం ఒప్పుకున్నట్టు. "కొత్తది కొనొచ్చు గానీ, నా పళ్ళు దీనికే అలవాటైపోనాయి. అందుకే లక్క పెట్టుకున్నాను."

కూర్చుంటే తగలదు. నడిస్తే మాత్రం, అడుగు పడినప్పుడల్లా ఆ గట్టు పళ్ళ వెనక ఒక్క పోటు పొడుస్తుంది. పెళ్ళికి ఎన్ని అడుగులో, అన్ని పోట్లు. రోజూ గీరుకునే చోట చిగురు కండ పెంచక ఏం చేస్తుంది? నేను కండను కోశాను, దాన్ని పెంచే పోటును వదిలేశాను. పైగా దాని కింద పళ్ళ మొదట్లో పేరుకున్న గారను కూడా వదిలేశాను.

ఆ రోజు మేడం చేతులు చూడాలి. తొందర లేదు, వణుకు లేదు. కండను మొదలంటా, చుట్టూ రవ్వంత మంచి చిగురుతో సహా ఎముక దాకా తీసి, గారను గీకి గీకి పన్ను నున్నబడేదాకా ఊరుకోలేదు. కుట్లు వేసి, పైన గులాబీరంగు మందుముద్ద అద్ది, "రెండు వారాలు ఊదావంటే నీ వాయిద్యం నా బీరువాలో పెట్టీస్తాను తాతా," అన్నారు. కొత్త ముక్క కొంటేనే కుట్లు విప్పుతానని కూడా బెదిరించారు. చేతులు కడుక్కుంటూ నాతో ఒక్క మాటే అన్నారు. "నువ్వు కోసింది బాగానే కోసినావమ్మీ. మనిషిని సూడ్డం మర్సిపోనావు." అంతకంటే గట్టిగా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆవిడంత డాక్టరును కావాలని ఆ క్షణంలో ఎంత కోరుకున్నానో చెప్పలేను.

పెళ్ళిళ్ళ రోజులొచ్చాయి. ఒక సాయంత్రం బ్యాండు మా ఆసుపత్రి ముందుకొచ్చింది. అందరికంటే ముందు సన్నాయి తాత, జరీ టోపీతో. నన్ను చూడగానే వాయించడం ఆపేసి, నడివీధిలో నిలబడి, తల వెనక్కి వంచి ఆకాశానికి నోరు తెరిచాడు. వెనక ఊరేగింపంతా ఆగిపోయింది. పెళ్ళికొడుకు కారులోంచి తొంగిచూశాడు. నేను పరుగున వెళ్ళి, లైట్ల వెలుతురులో, మునివేళ్ళ మీద లేచి చూశాను. గాయం జాడ కూడా లేదు. "బాగుంది తాతా," అన్నాను. ఆయన నోరు మూసుకుని, టోపీ సర్దుకుని, మళ్ళీ అందుకున్నాడు.

ఇప్పుడు కొరాపుట్‌లో నాకూ ఒక ఆసుపత్రి ఉంది. నోరు తెరవమనే ముందు ఏం పని చేస్తారని అడుగుతాను. ఒక్కోసారి చేసి చూపించమంటాను కూడా. కానీ ఒక్కటే వెలితి. ఆ సాయంత్రం వీధి మలుపు తిరిగేదాకా తాత మనసారా వాయించాడట, వినని వాళ్ళది పాపమని కాంపౌండరు ఇప్పటికీ చెబుతాడు. ఏం వాయించాడో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. ఆ ఇరవై నాలుగేళ్ళ పిచ్చిపిల్ల మళ్ళీ గుమ్మంలో నిలబడి, చిగురు ఎంత బాగా మానిందో అని మురిసిపోతూ ఉండిపోయింది.